కొలత ఒక్కసారే

"మీ మిషను కాసేపు ఆపుతారా? పైన అందరూ శవాల్లా పడుకుని ఉన్నారు!"

గుమ్మంలోంచి వచ్చిన ఈ మాటకి చిన్న మాస్టరు ఉలిక్కిపడి కుట్టుమిషను మోటారు పెడలు మీంచి కాలు తీసేశాడు. వెనక్కి తిరిగి చూడబోయాడు. మెడ తిరగలేదు. ఎప్పటిలాగే స్టూలుతో సహా మనిషి మొత్తం తిరిగాడు.

గుమ్మంలో ఒక అమ్మాయి. జుట్టు పైకి ముడేసుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా, నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. కోపంగా ఉంది. అంత కోపంలోనూ భుజాలు ఎంత బాగా నిలబెట్టిందో! దర్జీ కళ్ళు కదా, ముందు భుజాలే చూశాయి. మొహం ఆ తర్వాత చూశాయి. చూసి అక్కడే ఉండిపోయాయి.

"ఏమైందండీ వాళ్ళకి?" అన్నాడు కంగారుగా.

"ఏమీ కాలేదు. శవాసనం వేశారు. నేను పైన యోగా టీచర్ని. క్లాసు చివర కదలకుండా కళ్ళు మూసుకుని పడుకోవాలి. మీరేమో సరిగ్గా అప్పుడే గుర్రుమనిపిస్తారు. అందరూ అదిరిపడి లేచి కూర్చుంటున్నారు. ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను, ఇంక నావల్ల కాదు."

"శవాలు లేచి కూర్చుంటే మంచిదే కదండీ."

ఆమెకి నవ్వొచ్చింది. కానీ పోట్లాటకి వచ్చిన మనిషి నవ్వితే ఏం బాగుంటుంది? పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"పడుకోవడానికి కూడా క్లాసు కావాలా అండీ? మేం ఎవరూ నేర్పకుండానే పడుకుంటున్నాం," అన్నాడు చిన్న మాస్టరు మరింత హుషారుగా.

"పడుకుంటున్నారా? నిజంగా? తెల్లారి లేవగానే మెడ పట్టేసి ఉండదూ?"

హుషారు కాస్తా దిగిపోయింది. "మీకెలా తెలుసు?"

"స్టూలుతో సహా తిరిగారు కదా. ఎప్పటి నుంచి?"

"గుర్తులేదు."

"అయితే చాలా కాలం నుంచే అన్నమాట. ఒక పని చేయండి. సాయంత్రం మీకు పని ఉంటుంది కాబట్టి పొద్దున బ్యాచికి ఒక్కసారి రండి. నచ్చకపోతే మా శవాసనం టైములో మీ మిషను మోగించుకోండి, నోరెత్తను. నచ్చితే మాత్రం ఆ కాసేపు ఆపాలి. సరేనా?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. పక్క సందులోంచి పై గదికి మెట్లున్నాయి. ఒట్టి పాదాలు వాటి మీద ఎక్కుతుంటే చప్పుడే వినబడలేదు. వినాలని అతను ప్రయత్నించాడు, అది వేరే సంగతి.

"ఎవర్రా అది?" అన్నాడు ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి పెద్ద మాస్టరు.

"పైన యోగా టీచరు నాన్నా. మిషను ఆపమంటోంది."

"మన మిషను ఆపడానికి ఆవిడెవరు?"

"అదే నేనూ అన్నాను," అన్నాడు చిన్న మాస్టరు. మిషను మాత్రం మళ్ళీ వేయలేదు. మూలన బొత్తాలు కుడుతున్న అమ్మ అది గమనించింది. దారం కొరికింది.

ఆ షాపుకి ఇద్దరు మాస్టర్లు. పెద్ద మాస్టరుకి చూపు మందగించాక కత్తెర కొడుకు చేతికొచ్చింది. షాపు పరువు మాత్రం ఇంకా పెద్దాయన చేతిలోనే ఉంది. ఆ పరువంతా ఒక్క మాటలో ఉంది: కొలత ఒక్కసారే. మనిషిని ఒకసారి కొలిచి, ఆ కొలతలతో గోధుమరంగు అట్టకాగితం మీద అచ్చు కత్తిరించి, మేకుకి తగిలిస్తారు. ఇక ఆ మనిషి ఎన్నేళ్ళ తర్వాత గుడ్డ తెచ్చినా టేపు తీయరు, ట్రయలు చూడరు. మేకు మీది కాగితం దించి కత్తెర వేస్తారు. లోపలి గోడ నిండా ఊళ్ళో మనుషులు కాగితాలై వేలాడుతుంటారు.

"రెండోసారి కొలిచేవాడు మొదటిసారి సరిగా చూడనట్టే," అంటాడు పెద్ద మాస్టరు. కొడుక్కి పని నేర్పేటప్పుడు ఆయన నేర్పింది ఇంకొకటి కూడా ఉంది: "కత్తెర పడేటప్పుడు ఊపిరి బిగబట్టు. చెయ్యి కదలదు." చిన్నప్పటి నుంచీ అతను అలా బిగబడుతూనే ఉన్నాడు.

*

పొద్దున బ్యాచిలో మొదటిరోజే చిన్న మాస్టరు పరువు పోయింది.

మిగతా ఆసనాలన్నీ ఎలాగో గట్టెక్కాయి. పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు నడుం పైకీ కిందికీ వంచమంటే తలుపు బందుల్లా కిర్రుమన్నాడు. తాడాసనం అంటే ఊరికే నిటారుగా నిలబడటమేనట. ఇదీ ఒక ఆసనమేనా అనుకున్నాడు. టీచరు దగ్గరికి వచ్చి, "బరువంతా ఎడమ కాలి మీదే వేశారు. రెండో కాలు ఎవరి కోసం దాస్తున్నారు?" అంది. చూసుకుంటే నిజమే. కటింగ్ బల్ల దగ్గర ఇన్నేళ్ళూ ఒంటికాలి మీద పని చేశాడని అప్పుడు తెలిసింది.

చివర శవాసనం. కళ్ళు మూసుకున్నాడు. అంతే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి అందరూ చుట్టూ కూర్చుని పగలబడి నవ్వుతున్నారు.

"మీ గురక కంటే మీ మిషనే నయం మాస్టారూ," అంది టీచరు.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. కానీ మెట్లు దిగుతూ ఎవరో పిలిస్తే వెనక్కి చూశాడు. కిందికి దిగాక గుర్తొచ్చింది, తిరిగింది మెడ ఒక్కటే! పూర్తిగా కాదు, కొంచెం. ఆ కాస్తకే ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ సాయంత్రం శవాసనం వేళకి మిషను ఆగింది. ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ ఆగింది.

ఒకరోజు టీచరు చిరిగిన కర్టెను పట్టుకుని షాపుకి వచ్చింది. అతను కోటు గుడ్డ కత్తిరిస్తుంటే చూస్తూ నిలబడింది.

"మాస్టారూ, మీరు ఊపిరి తీసుకోవట్లేదు."

కత్తెర చివరిదాకా పోయాక గానీ అతను మాట్లాడలేదు. "తీసుకుంటే చెయ్యి కదులుతుంది."

"ఎవరన్నారు? బిగబట్టిన ఊపిరంతా ఎక్కడికి పోతుందనుకున్నారు? మెడలోకి, భుజాల్లోకి. అందుకే రాయిలా ఉన్నాయి. మెల్లగా వదులుతూ కత్తిరించి చూడండి."

తండ్రి లేని సమయం చూసి పనికిరాని గుడ్డ మీద ప్రయత్నించాడు. ఊపిరి వదులుతూ కత్తెర నడిపాడు. గుడ్డ తనంతట తనే దారి ఇచ్చినట్టు తెగింది. అతను బల్ల మీద చేతులు ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. హాయిగా ఉంది. పని చేస్తూ కూడా మనిషికి హాయిగా ఉండొచ్చని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

రోజులు అలాగే హాయిగా గడిచాయి. పడుకోగానే నిద్ర పట్టేది. అర్జెంటు అని అరిచే కస్టమర్ల మీద కూడా కోపం వచ్చేది కాదు. అమ్మ ఇదంతా చూసి, "యోగాకి వెళ్ళేవాళ్ళు తల కూడా దువ్వుకుని వెళ్ళాలా నాయనా?" అంది ఒకరోజు.

"క్రమశిక్షణ అమ్మా."

"ఓహో. సెంటు కూడానా?"

*

వానాకాలంతో పాటు తంటా కూడా మొదలైంది.

ముందు పళ్ళ డాక్టరుగారి కొత్త కోటు వెనక్కి వచ్చింది. కాంపౌండరు కవరులో పెట్టి తెచ్చి, "మెడ వెనక గుడ్డ ఉబ్బుతోందంట, ముందు వైపు పైకి లేస్తోందంట," అని బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ షాపు తెరిచాక గుడ్డ వెనక్కి రావడం అదే మొదలు.

వారం తిరక్కుండా లైబ్రరీ మేడంగారి జాకెట్టు వచ్చింది. అదే ఫిర్యాదు. ఆ తర్వాత ఇంకొకటి.

చిన్న మాస్టరు డాక్టరుగారి కోటు కుట్లు విప్పి, ముక్కలు కాగితపు అచ్చు మీద పరిచి చూశాడు. వెంట్రుకవాసి తేడా కూడా కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది. తను చేసిన తప్పు తనకే కనబడనివాడు కటింగ్ మాస్టరు ఎలా అవుతాడు? అతనికి మొదటిసారి తన చెయ్యి చూస్తే భయం వేసింది.

"కత్తెర వేసేటప్పుడు ఊపిరి వదులుతున్నావుగా?" అన్నాడు పెద్ద మాస్టరు. చూపు మందగించినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "వింటూనే ఉన్నాను. బుస్సుమంటున్నావు. ఒళ్ళు వదులైంది, చెయ్యీ వదులైంది. ఇంకొక్క గుడ్డ వెనక్కొచ్చిందంటే నువ్వు కత్తెర వదిలెయ్. పొరుగూళ్ళో రెడీమేడ్ కంపెనీలో సూపర్‌వైజరు పని ఇస్తామన్నారుగా, పోయి చేరు."

"నాన్నా..."

"నా కాగితాలు తప్పు కావు. మరి తప్పెక్కడుంది?"

కొడుకు యోగా మానేశాడు. మళ్ళీ ఊపిరి బిగబట్టాడు. మెడ మళ్ళీ పట్టేసింది. పని వెనకబడి సాయంత్రాలు మిషను ఆపడం కూడా కుదరలేదు.

నాలుగు రోజులు చూసి టీచరు కిందికి వచ్చింది. బయట వాన. గొడుగు ముడిచి బల్ల మీద పెట్టి, మొహం మీద చినుకులు తుడుచుకుంటూ, "పొద్దున క్లాసుకి రావట్లేదు. సాయంత్రం మిషను వేస్తున్నారు. నా మీద కోపమా?" అంది నవ్వుతూనే.

అతను స్టూలుతో సహా తిరిగాడు. అది చూడగానే ఆమె నవ్వు పోయింది.

"అయ్యో! మళ్ళీ మొదటికొచ్చిందే! ఎందుకు మానేశారు?"

"మీ యోగా నా చెయ్యి పాడుచేసిందండీ," అన్నాడు. అనకూడదనుకుంటూనే అనేశాడు. "కుట్టిన గుడ్డలన్నీ వెనక్కొస్తున్నాయి. ఇంకొకటి వస్తే నాకు ఈ షాపే ఉండదు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకు తెలియదు మాస్టారూ. సారీ," అని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు బల్ల మీదే మర్చిపోయింది.

"మంచిపని చేశావు," అంది అమ్మ మూలలోంచి. తప్పు పని చేసినప్పుడే ఆమె అలా అంటుందని అతనికి బాగా తెలుసు. 

*

మర్నాడు సాయంత్రం వాన ఇంకా పెద్దదైంది. చిన్న మాస్టరుకి చేతిలో పని సాగలేదు. గొడుగు ఆ బల్ల మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నిన్నటి మాటే గుర్తొస్తోంది.

చివరికి గొడుగు తీసుకుని, దాన్ని తెరవడం మర్చిపోయి, తడుస్తూనే మెట్లెక్కాడు. మెడలో టేపు అలాగే ఉంది. 'నిన్న నోరు జారాను, క్షమించండి' అనాలి. గొడుగు ఇవ్వాలి. వచ్చెయ్యాలి. అంతే.

తలుపు తెరిచే ఉంది. సాయంత్రం బ్యాచిని అతను చూడటం అదే మొదటిసారి. అందరూ కిటికీ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని తాడాసనంలో నిలబడ్డారు. వాళ్ళకి ఎదురుగా నిలబడిన టీచరు అతన్ని చూసి చూపు తిప్పేసుకుంది.

అతను మాత్రం వాళ్ళ వీపులు చూస్తున్నాడు.

మామూలు మనుషులు మనుషుల్ని మొహం చూసి గుర్తుపడతారు. దర్జీకి వీపు చాలు. కుడి భుజం కాస్త కిందికి దిగి ఉన్న ఆ వీపు పళ్ళ డాక్టరుగారిది. అనుమానం లేదు. రోజంతా జనం నోళ్ళలోకి తొంగి చూసి చూసి నాగలిలా వంగిపోయిన వీపు. దానికి తగ్గట్టే వెనక పొడుగు, ముందు పొట్టి పెట్టి నాన్న అచ్చు తీశాడు. కానీ... కానీ...

"డాక్టరుగారూ! మీ గూని ఏదండీ?"

గదంతా ఉలిక్కిపడింది. డాక్టరుగారు ఒక కన్ను తెరిచి వెనక్కి చూశారు. "ఏం గూనయ్యా?"

"మీ గూనండీ! మా షాపులో మేకుకి వేలాడుతోంది. మీ ఒంటి మీద మాత్రం లేదు!"

అని మెడలోంచి టేపు లాగి, గొడుగు కింద పడేసి, ఆయన మెడ దగ్గర నుంచి నడుం దాకా కొలిచాడు. వెనక తగ్గింది. ముందుకి వచ్చి భుజం నుంచి కొలిచాడు. ముందు పెరిగింది! పక్కనే లైబ్రరీ మేడం. ఆవిడ వెనకా టేపు పెట్టాడు. అదే తేడా. ఆ పక్కన మూడో గుడ్డ వాపసు చేసిన ఆయన. అక్కడా అంతే.

"నాకు గూని ఉండేదా?" అంది లైబ్రరీ మేడం బాధపడిపోతూ. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదే!"

"మేం చెప్పమండీ. కప్పేస్తాం," అన్నాడు చిన్న మాస్టరు. గది గొల్లుమంది.

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీచరు వైపు తిరిగాడు. "నా చెయ్యి పాడవలేదండీ. వీళ్ళ వీపులు బాగుపడ్డాయి! మా కాగితాలు ఇంకా పాత వీపుల్నే పట్టుకుని కూర్చున్నాయి!"

ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "నిన్న ఇంటికెళ్ళి ఎంత ఏడ్చానో తెలుసా మీకు? నలుగురికీ మంచి చేద్దామని మొదలుపెట్టి, ఒక మనిషి పనే పోగొడుతున్నాను కదా అని."

"నోరు జారాను. తప్పయిపోయింది. అది చెబుదామనే వచ్చాను."

"చెబుదామని వచ్చి మా డాక్టరుగారి నడుం కొలిచారా?"

"వరస తప్పింది," అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

*

వానలో తడుస్తూనే డాక్టరుగారిని కిందికి లాక్కొచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టాడు. వెనకాలే టీచరూ వచ్చింది.

"నాన్నా, ఈయన్ని మళ్ళీ కొలవాలి."

"మన షాపులో రెండోసారి..."

"ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు నాన్నా. టేపు వద్దు."

పెద్ద మాస్టరు విసుగ్గా లేచి, ఆ వీపు మీద రెండు అరచేతులూ ఆనించాడు. మెడ దగ్గర నుంచి నడుం దాకా తెచ్చాడు. మళ్ళీ పైకి తీసుకెళ్ళాడు. 

"ఎవరు మీరు?"

"నేనేనండీ. పళ్ళ డాక్టర్ని."

"గొంతు ఆయనదే," అన్నాడు పెద్దాయన మెల్లగా. "వీపు మాత్రం నేను కొలిచింది కాదు."

ఆయన తడుముకుంటూ లోపలి గోడ దగ్గరికి వెళ్ళి, డాక్టరుగారి కాగితం మేకు నుంచి దించి కొడుకు చేతిలో పెట్టాడు.

"కొత్తది తియ్యిరా. నీ చేతిని అనుమానించాను. తప్పు నాదే. మనిషి ఇలా మారగలడని నాకు తట్టనే లేదు."

కొడుకు ఆ చేతిని పట్టుకుని వదల్లేదు.

కోట్లూ జాకెట్లూ మళ్ళీ కుదిరాయి. షాపు ముందు "యోగా చేసేవారికి మళ్ళీ కొలతలు తీయబడును" అని అట్ట కట్టించింది అమ్మ. అతను పొద్దున బ్యాచికి వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టాడు, సెంటుతో సహా.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం టీచరు నీలం గుడ్డ పట్టుకుని వచ్చింది. "నాకూ ఒక జాకెట్టు కుట్టండి మాస్టారూ. ఇక్కడ నాకు పాత కాగితం లేదు కాబట్టి గొడవ లేదు."

భుజాలు కొలిచాడు. చెయ్యి పొడుగు కొలిచాడు. టేపు మీద అంకె రాసుకోవడం మర్చిపోయి మళ్ళీ కొలిచాడు.

"మాస్టారూ, మళ్ళీ ఊపిరి బిగబట్టారు. నేర్పిందంతా ఏమైంది?"

"కత్తెర దగ్గర బాగానే వస్తోందండీ. మిషను దగ్గర కూడా వస్తోంది," అన్నాడు. ఇక ఆగలేకపోయాడు. "మీ దగ్గరే రావట్లేదు."

ఆమె మొహం ఎర్రబడింది. అయినా టీచరు టీచరే కదా. మొదటిరోజు అడిగినట్టే అడిగింది. "ఎప్పటి నుంచి?"

"మీరు చెప్పుల్లేకుండా పోట్లాటకి వచ్చిన రోజు నుంచి. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె కాసేపు టేపు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. "దీనికి నా దగ్గర ఆసనం లేదు," అంది చివరికి. "ఉన్నా నేర్పను. నాకూ అదే జబ్బు."

ఇస్త్రీ బల్ల దగ్గర గట్టిగా దగ్గు వినబడింది. ఇద్దరూ చెరో వైపుకి గెంతారు. పెద్ద మాస్టరు సంగతే మర్చిపోయారు!

"ఏమ్మా టీచరూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడటానికి ఎప్పుడు తీరిగ్గా ఉంటారు?"

"ఆదివారమండీ," అంది ఆమె తల వంచుకుని. ఆ అమ్మాయి తల వంచడం ఆ షాపు చూడటం అదే మొదటిసారి.

"ఒరేయ్, ఇలా రా. ఆ టేపు ఇటివ్వు."

"ఎందుకు నాన్నా?"

"పెళ్ళి కోటుకి. నీ కాగితం కూడా పాతదే కదా. నిటారుగా నిలబడు."

అమ్మ బొత్తాల డబ్బా పక్కన పెట్టి, అంకెలు చదవడానికి కళ్ళజోడు పెట్టుకుంది. పెద్ద మాస్టరు కొడుకు ఛాతీ చుట్టూ టేపు వేసి, ఆగి, మొహం చిట్లించాడు.

"ఊపిరి వదలరా! బిగబడితే కొలత తప్పొస్తుంది."

చిన్న మాస్టరు వదలాలనే చూశాడు. ఎదురుగా ఆమె నిలబడి నవ్వుతోంది.

"మీరు కాసేపు బయట నిలబడతారా అండీ?" అన్నాడు.